చలికి ఏడవని పిల్ల

ఆ ఏడు గడ్డకట్టే చలి రావాలని మా ఊరు ఊరంతా మొక్కుకుంది. నేనొక్కదాన్నే రావద్దని మొక్కుకున్నాను.

మాది చలిని తిని బతికే ఊరు. మా దేశంలో జూన్ అంటే చలికాలం. అది వచ్చిందంటే చేదు బంగాళాదుంపలన్నిటినీ మైదానంలో గడ్డి మీద పరుస్తాం. రాత్రికి అవి రాళ్లలా గడ్డకడతాయి. పొద్దున ఎండకి మెత్తబడగానే ఒట్టికాళ్లతో తొక్కి నీళ్లు పిండేస్తాం. అలా చలీ ఎండా, ఎండా చలీ తగిలి తగిలి, చివరికి నల్లగా, బెండులా తేలిగ్గా మిగిలేదే చూన్యో. అది గాదెలో పడితే ఏళ్లు గడిచినా పాడవదు. అది లేని ఇంట్లో వానాకాలమంతా పస్తులే. అందుకే చలి ఆలస్యమైన ఏడు ఆడవాళ్లు మంచుకొండ వైపు తిరిగి, మేం నమిలే కోకా ఆకులు మూడు వేళ్ల మధ్య పట్టుకుని, ఊదుతూ బతిమాలుకుంటారు. నేనూ ఏటా అలాగే బతిమాలుకున్నదాన్నే.

ఆ ఏడు జూన్ మొదట్లో, దుంపలింకా బస్తాల్లో ఉండగానే, నా కోడలు రోక్సానాకి నెలలు నిండకుండా నొప్పులొచ్చాయి. రక్తపోటు పెరిగి ఒళ్లు కొంకర్లు పోయింది. నా కొడుకు విల్బెర్ పక్కూరి వ్యానుకి అడ్డంపడి ఆపి, పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. మేం వెళ్లేసరికి పొద్దు వాలింది. తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది.

పుట్టింది అనడమే గాని, నా రెండు అరచేతుల్లో ఇంకా చోటు మిగిలింది. చెవులు తడిసిన కాగితంలా తలకి అంటుకుపోయి ఉన్నాయి. రోక్సానాకి తెలివి రాలేదు. గాజుపెట్టెలో పిల్ల కొన్నాళ్లుంది. ఊపిరి కుదుటపడ్డాక ఒక నర్సు మా దగ్గరికొచ్చి కూర్చుంది. పేరు ఎలియానా. మా కొండల పిల్లే, మా భాషే మాట్లాడింది.

"మీ ఇంట్లో ఎవరి ఒళ్లు బాగా వెచ్చగా ఉంటుంది?" అని అడిగింది.

ఆసుపత్రిలో అలాంటి ప్రశ్న అడుగుతారని ఎవరనుకుంటారు? విల్బెర్ నా వైపు చూపించాడు. "మా అమ్మదే. పొయ్యి పక్కన పుట్టింది, పొయ్యి పక్కనే ముసలిదైంది."

"అయితే ఈమే కావాలి," అంది ఎలియానా.

అప్పుడు చెప్పింది. నెలతక్కువ పిల్లల్ని గుడ్డ అడ్డం లేకుండా గుండె మీద పెట్టుకుని మోస్తే నిలబడతారని చాలా దేశాల్లో ఎప్పుడో తేలిందట. తల్లులందరికీ అది నేర్పే పంపిస్తున్నారట. కానీ మా అంత చలి ఊళ్లలో, ఇంటికి వెళ్లాక, తల్లి ఒక్కతే మోయలేదు కదా. ఇంట్లోవాళ్లందరికీ నేర్పి, నర్సు ఇంటికే వచ్చి చూస్తూ ఉంటే ఇంకా ఎక్కువమంది బతుకుతారా? అది తేల్చడానికి వాళ్లొక పరిశోధన చేస్తున్నారు. ఎవరికి ఇంటికొచ్చి నేర్పాలో, ఎవరికి మామూలుగా చెప్పి పంపాలో చీటీ తీసి నిర్ణయిస్తారు.

"మాకిష్టమైన చీటీ మేం తీసుకోవచ్చా?" అన్నాను.

"నేనే తీసుకోలేనమ్మా. ఎవరికి ఏది పడుతుందో మా పెద్ద డాక్టరుకీ తెలీదు. తెలిస్తే పక్షపాతం వచ్చేస్తుంది."

"మంచిదని తెలిసినప్పుడు అందరి ఇళ్లకీ వెళ్లొచ్చుగా?"

"మంచిదనే అనుకుంటున్నాం. అనుకోవడం వేరు, తెలియడం వేరు."

ఆ మాట నాకు నచ్చింది. మా ఊరికి వచ్చే అధికారులెవరూ తమకి తెలియదని అనగా వినలేదు. ఒప్పుకున్నాను. సంతకం చోట వేలిముద్ర డబ్బా జరపబోయింది. నేనే వద్దని నా పేరు రాశాను. వయసు మళ్లాక పట్టిన పెన్సిలు కదా, బెనిటా అని రాసేసరికి పాపం ఆ నర్సు పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు నిలబడింది. చీటీ విప్పితే ఇంటికి వచ్చే రకమే పడింది.

తర్వాత నన్నొక కుర్చీలో కూర్చోబెట్టి బట్టలు విప్పమంది. స్వెట్టరు, దాని కింద స్వెట్టరు, దాని కింద రవిక, దాని కింద ఇంకో రవిక. మా ఆడవాళ్ల ఒళ్లు సూర్యుడు కూడా చూసి ఎరగడు. విల్బెర్ గోడవైపు తిరిగాడు. ఎలియానా ఆ పిల్లని తెచ్చి, కప్పపిల్లలా కాళ్లు చేతులు ముడిచి, నా రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, పైనుంచి గుడ్డతో కట్టింది.

మా ఆయన పోయి అప్పటికి ఎన్నో చలికాలాలు. అప్పట్నించీ నా ఒంటికి ఇంకో ప్రాణి వేడి తగల్లేదు. ఆ పిల్లకి వేడి కూడా లేదు. చెరువులోంచి తీసిన చేపలా ఉంది. కాసేపటికి దాని గుండె నా చర్మానికి తెలిసింది. గబగబా, గబగబా, ఎవరో తరుముతున్నట్టు. నేను మెల్లగా ఊపిరి తీశాను, దానికి నేర్పుతున్నట్టు.

"ఒక్క మాట గుర్తుపెట్టుకోండి బెనిటమ్మా," అంది ఎలియానా. "నిండు నెలల పిల్లకి చలేస్తే ఏడుస్తుంది. ఇది ఏడవదు. ఏడవడానికి ఓపిక ఉండదు. మరీ మాటాపలుకూ లేకుండా ఉంటే మంచిపిల్ల అనుకోకండి."

"ఎన్నాళ్లు మోయాలి?"

"అదే చెప్తుంది. చాలనిపించిన రోజు తన్ని బయటికొస్తుంది."

* * *

జూన్ చివర్లో వచ్చే సాన్ హువాన్ పండగ ఇంకా రెండు మూడు రోజులుందనగా మమ్మల్ని ఇంటికి పంపారు. తెలివొచ్చి రోక్సానా లేచి నడుస్తోంది గాని, నాలుగడుగులు వేస్తే గోడ వెతుక్కుంటోంది. పిల్ల పాలు పీల్చడం నేర్చుకుంది. దాని చీలమండకి చిన్న గుండీ లాంటిది కట్టారు, ఒంటి వేడి దాచుకుంటుందట అది. వ్యాను దిగి ఇంటికి నడుస్తుంటే మైదానమంతా దుంపలు పరిచి ఉన్నాయి. ఒక్క మా గట్టే ఖాళీ.

ఆ సాయంత్రమే మా వియ్యపురాలు సతుర్నీనా వచ్చింది. చూన్యో పనిలో చెయ్యి సాయం చేస్తానని ముందే కబురు పెట్టింది. వీపున మూట, తల మీద టోపీ, నోటినిండా కోకా, నోరు ఖాళీ అయితే మాటలు. వాళ్ల ఊళ్లో ఆవిడంత గట్టి నేతగత్తె లేదు. మూట విప్పి మొదట తీసింది ఒక చుంపి. నాలుగు వేళ్ల వెడల్పు ఉన్ని పట్టీ. ఎరుపు మీద తెల్ల పక్షులు, పక్షుల మధ్య నక్షత్రాలు. పుట్టిన పిల్లని గుడ్డల్లో బిగించి, పైనుంచి భుజాల దగ్గర్నించి పాదాల దాకా చుట్టడానికి. అలా కట్టకపోతే ఎముక వంకరపోతుందని, పిల్ల ఉలిక్కిపడి దాని ప్రాణం బయటికి జారిపోతుందని మా అమ్మమ్మల నాటి మాట. నా కొడుకుని నేనూ అలాగే కట్టాను.

"ఏదీ నా మనవరాలు?" అంది.

నేను శాలువా తొలగించి చూపించాను. ఆవిడ కళ్లు ముందు పిల్లని చూశాయి, తర్వాత నా ఒంటిని చూశాయి.

"ఓయమ్మ! వదినా, నీకు మతి పోయిందా? పిల్లని బోసిగా పెట్టుకుని, నువ్వూ బోసిగా కూర్చుని! ఈ ఇంట్లో గుడ్డలకి కరువొచ్చిందా? చెప్తే రెండు తెచ్చేదాన్ని కదా!"

"నర్సు చెప్పింది వదినా."

"నర్సు! ఆ పిల్ల ఎంతమందిని కందట? నేను ఎనిమిదిమందిని కన్నాను."

"అమ్మా," అంది రోక్సానా పక్కమీంచి, "నువ్వు వచ్చింది దుంపలు తొక్కడానికా, మనుషుల్ని తొక్కడానికా?"

"నోర్ముయ్యవే. నిన్ను కట్టే పెంచాను. నీ నడుం చూసుకో, వెదురులా ఉంది."

"ఆ వెదురు ఇప్పుడు గోడ పట్టుకుని నిలబడుతోంది," అంది రోక్సానా. నాకు నవ్వొచ్చింది. పిల్ల నా గుండె మీద కదిలింది. సతుర్నీనా నవ్వలేదు. చుంపిని మడిచి నా మోకాలి పక్కన పెట్టి, "నేసినదాన్ని నేసి ఇచ్చాను. కట్టేవాళ్లు కడతారు," అని వంటింట్లోకి పోయింది.

మరునాటి నుంచి వంతులు. రోక్సానా పాలిచ్చేటప్పుడు మోస్తుంది, అలిసిపోతే నేను, నేను దుంపల దగ్గర ఉంటే విల్బెర్. వాడు పిల్లని గుండెకి కట్టుకుని, పైన దుప్పటిలాంటి పోంచో వేసుకుని, గొర్రెల్ని తోలుకుని ఎండ ఉన్న గుట్ట వెంట తిరిగేవాడు. మగాడి కడుపు అలా ఉబ్బి ఉంటే ఊరు ఊరుకుంటుందా? తెయోడోరో అని మా పొరుగువాడు, దుంపలు తొక్కుతూ తొక్కుతూ అందరికీ వినబడేలా కేకేశాడు.

"ఒరే విల్బెర్! గుడ్లు పెట్టావట్రా?"

"ఒక్కటే పెట్టాను మావా. పొదుగుతున్నాను."

"పిల్ల బయటికొచ్చాక గింజలు నువ్వే వేస్తావా?"

"గింజలు మా ఆవిడ వేస్తుంది. నాకు అప్పచెప్పింది కూర్చునే పని ఒకటే. నువ్వు ఇంట్లో చేసేదీ అదేగా!"

మైదానమంతా నవ్వింది. తెయోడోరో పెళ్లాం అందరికంటే గట్టిగా నవ్వింది. ఆ తర్వాత విల్బెర్ని ఎవరూ ఏమీ అనలేదు. కోడిపుంజు అని పేరు మాత్రం ఉండిపోయింది.

సతుర్నీనా ఒక్కతే వంతులోకి రాలేదు. వంట ఆవిడదే, నీళ్లు ఆవిడవే, సగం దుంపలు ఆవిడ కాళ్ల కిందే నలిగాయి. పిల్ల దగ్గరికొస్తే మాత్రం ఒక్కటే చేసేది. శాలువా కిందనుంచి చెయ్యి పోనిచ్చి పాదం ముట్టుకునేది. ముట్టుకుని వెళ్లిపోయేది. రోజుకి ఎన్నిసార్లు ముట్టుకునేదో. పాదాలంటే ఆవిడకి అంత ముద్దనుకున్నాను.

* * *

పండగ దాటాక ఊరు కోరుకున్న అసలు చలి వచ్చింది. పొద్దున బిందెలో నీళ్లు రాయితో కొడితే గాని పగల్లేదు. గుడిసె కప్పు మీద గడ్డి పరకలు గాజుపుల్లల్లా విరిగాయి. మైదానమంతా కేకలూ నవ్వులూ. ఇలాంటి చలికి దుంప నడిమి దాకా గడ్డకడుతుంది, అంత మంచి చూన్యో మళ్లీ దొరకదు. కానీ ఎండెక్కితే ఆగదు. మెత్తబడ్డ దుంపని వెంటనే తొక్కకపోతే లోపలి నీటికి కుళ్లిపోతుంది. పిల్లలూ ముసలాళ్లూ అందరూ దిగారు.

ఆ పొద్దున రోక్సానాకి మళ్లీ తల తిరిగింది. పిల్లని ఆమె గుండెకే కట్టి, ఇద్దరి మీదా దుప్పట్లు కప్పి, సతుర్నీనాతో "కాస్త చూస్తూ ఉండు వదినా" అని చెప్పి నేనూ విల్బెరూ వెళ్లాం. ఆవిడ పొయ్యిలో ఎండుపేడ వేస్తూ తలూపింది.

కాళ్ల కింద దుంపలు కిచకిచమంటున్నాయి. మొదటి నాలుగు అడుగులు నొప్పి తెలుస్తుంది, తర్వాత కాళ్లున్నట్టే తెలియదు. సగం గట్టు తొక్కామో లేదో, బాట మీద ఎర్రదుమ్ము లేచింది. ఎలియానా మోటారుసైకిలు. ఆమె వచ్చే వారం రావాలి. పక్క ఊళ్లో పనుండి దారిలో ఆగిందట. విల్బెర్ని తొక్కుతూ ఉండమని నేను తడికాళ్లతోనే ఇంటికి నడిచాను.

నేను వాకిట్లోకి వెళ్లేసరికి సతుర్నీనా ఎండపొడ పడే గోడ వారగా నిలబడి ఉంది. గోడకి ఆనించి గొర్రెతోలు, దాని మీద పిల్ల. మెడ నుంచి పాదాల దాకా బిగుతుగా, చక్కగా, అందంగా చుట్టి ఉంది. ఎర్రచుంపి మీద తెల్లపక్షులు వరసగా ఎగురుతున్నాయి. ఎంత బాగా కట్టిందో! ఒక్క ముడత లేదు.

"రా నర్సమ్మా," అంటోంది సంబరంగా. "తల్లి నిద్రపోతే తీసి కట్టాను. ఇంతసేపటి నుంచి కిక్కురుమనలేదు. చూడు ఎంత బుద్ధిగా పడుకుందో. కట్టిన పిల్లంటే ఇదీ!"

ఎలియానా తలకున్న హెల్మెట్ తీయలేదు. సంచీ కింద పడేసి, మోకాళ్ల మీద కూలబడి, పిల్ల మెడ వెనక రెండు వేళ్లు పెట్టింది. చుంపి కొస వెతికింది. విప్పడం మొదలుపెట్టింది. ఎంత విప్పినా ఇంకా ఉంది. సతుర్నీనా నేత అంటే పొడుగు నేత. పక్షి వెనక పక్షి విడివడి నేలమీద పడుతున్నాయి. దాని కింద ఒక గుడ్డ, దాని కింద ఇంకో గుడ్డ, దాని కింద ఇంకోటి. అడుగున పిల్ల. పెదాలు నేరేడు రంగులో ఉన్నాయి. నేను పాదం ముట్టుకున్నాను. అప్పటిదాకా నా కాళ్ల కింద ఉన్న దుంపలకీ దానికీ తేడా లేదు.

"చేతులు చూపించండి బెనిటమ్మా," అంది ఎలియానా. నా చేతులు మంచుగడ్డలు. రవిక దాకా తడిసి ఉన్నాను. లోపలినుంచి రోక్సానా లేచి రాబోయి గుమ్మం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఎలియానా చేతులు దారిపొడుగునా గాలికి బిగుసుకుపోయి ఉన్నాయి. ఆమె సతుర్నీనా చెయ్యి పట్టుకుని చూసింది. పొద్దుట్నించీ పొయ్యి ముందున్న చెయ్యి.

"మీరే. విప్పండి."

"నేనా?"

"తొందరగా."

"ముసలిదాన్నమ్మా. నా ఒంట్లో ఏముంది?"

"వేడి ఉంది. లోపలికి పదండి."

సతుర్నీనా వంటింట్లోకి నడిచి, పొయ్యి పక్కన కూర్చుని, మా వైపు వీపు పెట్టి, స్వెట్టర్లు ఒకటొకటే తీసింది. ఆవిడ భుజాలు అంత చిన్నవని నాకు తెలీదు. ఎలియానా పిల్ల తలకి ఉన్నిటోపీ పెట్టి, ఆవిడ గుండెకి ఆనించింది. ఆవిడ ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది. కట్టడానికి ఏదైనా అందివ్వమంటే నేను చుట్టూ చూశాను. చుంపి ఒకటే అందింది. అదే ఇచ్చాను. ఎలియానా దానితో పిల్లనీ అమ్మమ్మనీ కలిపి చుట్టింది.

తర్వాత చేయడానికేమీ లేదు. కూర్చున్నాం. పొయ్యి మీద చారు పొంగి నిప్పుల్లో పడింది. ఎవరూ లేవలేదు. మూలన పెంపుడు గినీపందులు గడ్డి కొరుకుతున్న చప్పుడు. ఎలియానా అప్పుడు గాని హెల్మెట్ తీయలేదు. ఆమె నుదుటి మీద దాని గీత ఎర్రగా పడి ఉంది.

"గట్టిగానే కట్టాను," అంది సతుర్నీనా, పొయ్యి వైపే చూస్తూ. "మూడు గుడ్డలు చుట్టాను. ఎండలో పెట్టాను. ఎందుకు చల్లబడింది?"

"గుడ్డ వేడి పుట్టించదమ్మా. లోపలున్న వేడిని బయటికి పోనివ్వదు, అంతే. మీ రోక్సానా నిండుగా పుట్టింది, దానికి సొంత వేడి ఉంది, అందుకని చుట్టినా సరిపోయింది. దీనికి ఆ వేడే లేదు. ఒట్టి కుండ మీద మూత పెట్టినట్టు."

"మరి ఏడవలేదేం?"

"ఏడవడానికీ వేడి కావాలి."

సతుర్నీనా కోకా నములుతున్న దవడ ఆగిపోయింది.

"నావీ ఏడవలేదు," అంది.

ఎవరి గురించో నాకు మొదట తెలియలేదు. రోక్సానాకి తెలిసింది. గుమ్మం దగ్గర్నించి తల్లి వైపు చూసింది.

"ముగ్గురు. ముగ్గురూ ఈ నెలల్లోనే. ముందుగా పుట్టినవాళ్లే. ఎంత బుద్ధిమంతులే నీ పిల్లలు అని మెచ్చుకునేది ఊరు. నేనూ అదే అనుకున్నాను. అలికిడి లేకుండా పడుకునేవాళ్లు." చెయ్యి చుంపి కిందకి పోనిచ్చి పిల్ల పాదాన్ని పట్టుకుంది. "పొద్దున లేచి పాదాలు ముట్టుకుంటే తెలిసేది."

ఎలియానా లేచి, పొంగిన చారు కుండ దించి, నేలమీద పెట్టి, మళ్లీ వచ్చి ఆవిడ పక్కనే కూర్చుంది. భుజానికి భుజం ఆనించి.

ఎంతసేపో తెలియదు. గోడమీద ఎండ జరిగి తలుపు దాకా వచ్చింది. చుంపి కింద ఏదో కదిలింది. తర్వాత ఒక చప్పుడు వచ్చింది, గడ్డిపోచ చీలినంత సన్నగా. ఆగింది. మళ్లీ వచ్చింది.

"అమ్మా, ఏడుస్తోంది. ఇలా ఇవ్వు, పాలిస్తాను," అంది రోక్సానా.

"ఇస్తాను. కాసేపు ఏడవనీ," అంది సతుర్నీనా. "ఏడవనీవే."

నేను మైదానానికి వెళ్లాను. మిగిలిన సగం గట్టు మీది దుంపలు అప్పటికే మెత్తబడ్డాయి. విల్బెర్ నా మొహం చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. వాడు ఇంటికి పరిగెత్తాడు. నేను ఒక్కదాన్నే నిలబడి తొక్కాను, నీళ్లన్నీ కారిపోయేదాకా.

* * *

ఆ రోజు నుంచి మా ఇంట్లో కొత్త పోరు మొదలైంది. అంతకుముందు పిల్లని ఎత్తుకోవే అంటే రాని మనిషి, ఇప్పుడు దింపవే అంటే దింపదు.

"వదినా, నీ వంతు అయిపోయింది."

"ఇప్పుడే కదా కూర్చున్నాను!"

"ఇప్పుడేనా? నువ్వు కూర్చునేటప్పటికి కోడి గూట్లో ఉంది. ఇప్పుడు చూడు, ఊరంతా తిరిగొచ్చింది."

"నీ ఒళ్లు ఎముకలు వదినా. పిల్లకి గుచ్చుకుంటాయి. నాదైతే పరుపు."

"మొన్నటిదాకా ఆ పరుపు ఎక్కడ దాచావో!"

"నీ దుంప తెగ," అనేది నవ్వుతూ. మళ్లీ కాసేపటికి నవ్వు ఆపి పాదం ముట్టుకునేది.

ఎలియానా తర్వాత వచ్చినప్పుడు పిల్ల బరువు తూచి, గుండీ దగ్గర ఫోను పెట్టి చూసి, బాగుందని చెప్పింది. సతుర్నీనా గుమ్మం దాకా ఆమె వెనకే వెళ్లింది.

"ఆ రెండో చీటీ పడ్డవాళ్లున్నారు కదా," అంది. "వాళ్లింట్లో నాలాంటి ముసలిది ఉంటే?"

"వాళ్లకీ గుండె మీద పెట్టుకోమని ఆసుపత్రిలోనే నేర్పామమ్మా. కానీ ఇంటికి వెళ్లి చూడటం లేదు."

"చూడాలి."

"చూస్తే ఎంత లాభమో తేలితే, ప్రభుత్వం అందరి ఇళ్లకీ పంపిస్తుంది. అది తేల్చడానికే ఇదంతా."

"ఎప్పుడు తేలుతుంది?"

"ఇంకా చాలామంది పిల్లలు కావాలి. ఏళ్లు పడుతుంది."

సతుర్నీనా ఆ మాటని కోకాతో పాటు కాసేపు నమిలింది. "సరే. మీ లెక్క మీరు తేల్చుకోండి. నేను మాత్రం ఆగను," అంది. ఆ ఆదివారం సంతలో కడుపుతో ఉన్న ప్రతి ఆడదాన్నీ ఆపి మాట్లాడింది. ఒక కోడలి అత్తగారితో పెద్ద గొడవ కూడా పెట్టుకుందట. ఇంటికొచ్చి, "నాకంటే మొండిది వదినా ఆ ముసలిది," అంది, ఎక్కడా ఓడిపోయినట్టు లేకుండా.

ఆగస్టు గాలులు వచ్చేసరికి దుంపలు ఎండి నల్లబడ్డాయి. పొట్టు రాల్చి, గాలికి తూర్పారబడుతున్నాం. ఆ ఏటి చూన్యో లాంటిది నేను మళ్లీ చూడలేదు. పిల్ల నా గుండె మీద ఉంది. పొద్దుట్నించీ కుదురు లేదు. మడమతో నా పక్కటెముకలు తన్నుతోంది, పిడికిలితో గొంతు కింద నెడుతోంది. తల ఎత్తి ఎత్తి పడేస్తోంది. ఎలా సర్దినా మళ్లీ తన్నింది. చివరికి మొహం ఎర్రగా చేసుకుని అరిచింది.

నాకు తెలిసింది. ఎలియానా చెప్పిన రోజు ఇదే. తెలిసీ ఇంకాసేపు కట్టుకునే కూర్చున్నాను. తర్వాత చుంపి విప్పి పిల్లని బయటికి తీశాను. బయటికి రాగానే ఏడుపు ఆపేసింది. కాళ్లు బార్లా చాపుకుని, మైదానాన్ని చూసింది. నా రవిక లోపల అది ఉన్న చోటుకి గాలి తగిలింది. గుండీలు పెట్టుకున్నాను.

"వెళ్లగొట్టిందిగా నిన్ను!" అంది సతుర్నీనా, పొట్టు చెరుగుతున్న చేతులు పావడాకి తుడుచుకుంటూ. "ఇటు ఇవ్వు, నా దగ్గర ఉంటుందేమో."

అక్కడా ఉండలేదు. ఒక్క తన్ను తన్నింది. రోక్సానా నవ్వి, పిల్లకి గౌను తొడిగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఆ మధ్యాహ్నం ఎలియానా వచ్చి పిల్ల చీలమండకి ఉన్న గుండీ తీసేసింది. అక్కడ చర్మం మీద చిన్న తెల్లటి వలయం మిగిలింది.

సతుర్నీనా అలవాటు కొద్దీ వంగి ఆ పాదం పట్టుకుంది. రోజంతా గాలిలో పనిచేసిన చేతులు, రాయిలా ఉన్నాయి. చెయ్యి తగలగానే పిల్ల ఉలిక్కిపడి కాలు లాక్కుంది. పెదవి విరిచింది. ఆ తర్వాత, ఊపిరి పోగుచేసుకుని, మైదానం అవతలి గట్టు మీద తెయోడోరో కూడా తల తిప్పి చూసేంత గట్టిగా ఏడ్చింది.

"అమ్మా! నీ చేతులు మంచుగడ్డలు. దానికి చలేసింది," అంది రోక్సానా కోపంగా.

సతుర్నీనా చేతులు వెనక్కి తీసుకోలేదు. గాలిలో అలాగే పట్టుకుని మా అందరి వైపూ చూసింది.

"విన్నారా?" అంది. "దానికి చలేసింది."